కూలర్ ఆపించిన మేడం

మా కాలేజీలో కెమిస్ట్రీ చెప్పిన మేడం పోయిన నెలలో చనిపోయింది. సెమినార్ హాల్లో సంతాప సభ పెట్టారు. ఫొటోకి దండ వేసి, అగరొత్తులు వెలిగించి, ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకున్నారు. మాట్లాడిన ప్రతివాడూ ఆమె మనసు వెన్న అన్నాడు. ఎవరినీ నొప్పించని మనిషి అన్నాడు. అమ్మలాంటిది అన్నాడు. నేను వెనక వరసలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. మైకు నా దాకా రాకముందే కరెంటు పోయింది కాబట్టి అందరూ బతికిపోయారు.

వెన్నట. ఆమె వరండాలో నడిచి వస్తుంటే స్టూలు మీద ఫోను చూసుకుంటున్న అటెండరు దాన్ని జేబులో దాచుకుని లేచి నిలబడేవాడు. ప్రిన్సిపాలు ఎదురుగా ఉన్న ఫైలేదో తెరిచి చదువుతున్నట్టు నటించేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన ల్యాబ్‌లో సీసా మూత తీసి వాసన చూడబోతే, చేతి మీద చిన్న దెబ్బ వేసి సీసా లాక్కుంది. ఆయన తన రిపోర్టులో ఏం రాశాడో గానీ, ఆ తర్వాత మా కాలేజీకి వస్తే ల్యాబ్ గడప దాటేవాడు కాదు.

ఇక నన్నయితే ఆమె నొప్పించని రోజు లేదు. నా పద్యాల రాగం బాగాలేదనేది, నా చొక్కా ఇస్త్రీ బాగాలేదనేది. ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు, నాకు కాలేజీకి పోబుద్ధి కావడం లేదు. సభలో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ మనిషి ఆదోని దూదిని కరిగించింది. నిప్పుతో కాదు, ఆమ్లంతో కాదు, ఉప్పుతో. అది నేను కళ్లారా చూశాను. అందుకే రాస్తున్నాను.

నేను చెప్పేది తెలుగు. కెమిస్ట్రీ ల్యాబ్ పక్క గది వాసనకి భయపడి ఎవరూ తీసుకోకపోతే, నోరు లేని తెలుగు శాఖకి అంటగట్టారు. అట్లా మా ఇద్దరికీ మధ్య ఒక గోడ మిగిలింది. ఆమె రోజూ ఎమ్మిగనూరు నుంచి బస్సులో వచ్చేది. నేత పని చేసే ఇంట్లో పుట్టిందని, చిన్నప్పుడు మగ్గం పక్కనే కూర్చుని చదువుకుందని అందరికీ తెలుసు. అంతకు మించి ఆమె జీవిత చరిత్ర నాకు అక్కర్లేదు. మనిషిని చెప్పాలంటే ముందు ఆమె మూతల పిచ్చి చెప్పాలి.

ఏ మూత తెరిచి ఉన్నా ఆమె ఓర్చుకునేది కాదు. క్యాంటీన్‌లో ఉప్పు గిన్నె, స్టాఫ్ రూములో చక్కెర డబ్బా, నా ఊరగాయ సీసా, చివరికి బస్సులో పక్క సీటు ఆవిడ నీళ్ల బాటిలు కూడా బిగించేది. మామూలుగా బిగిస్తే సరిపోదు. బిగించి, తలకిందులు చేసి, మళ్లీ బిగించేది. ఆమె మూత పెట్టిన ఊరగాయ సీసా తెరవాలంటే మా ఇంట్లో ఇద్దరం కావాల్సి వచ్చేది. ఎందుకు మేడం ఇదంతా అని అడిగితే, గాలిలో ఉండే తడి మనకు కనపడదు గానీ దొంగ మాదిరి లోపలికి దూరుతుందని చెప్పేది. ఆదోనిలో తడి ఎక్కడిది, తాగడానికే నీళ్లు లేవు కదా అని నేను వాదించేవాణ్ణి. ఆమె మూత ఇంకో చుట్టు తిప్పేది.

రెండోది, కిటికీ దగ్గర నిలబడి సీసా వంచి చూడటం. ఆ సీసాలో లేత పసుపు రంగులో ఏదో ఉండేది. వంచితే వెంటనే కదలదు. ఆలోచించుకుని, బద్ధకంగా, తేనెలాగా జారుతుంది. ఆమె అది జారినంతసేపూ కళ్లార్పేది కాదు. క్లాసు బెల్లు కొట్టినా కదిలేది కాదు. ఏముంది మేడం అందులో అని నేను మొదటిసారి అడిగినప్పుడు, ఉప్పు అంది. నీళ్లలో కరిగించారా అన్నాను. నీళ్ల చుక్క కూడా లేదు, ఇది ఉప్పే, ఉప్పుగానే ద్రవంగా ఉండాది అంది. నన్ను ఆటపట్టిస్తోందనుకున్నాను. ఉప్పు కరగాలంటే కొలిమిలో పెట్టాలని నాకు కూడా తెలుసు.

అప్పుడు నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి చెప్పింది. మాది పత్తి వ్యాపారం చేసే ఇల్లు, మా అన్న పత్తి గింజలు తీసి దూదిని బేళ్లు కట్టే జిన్నింగ్ మిల్లు నడుపుతాడు. అందుకని మా మిల్లు గోడౌనే ఉదాహరణ తీసుకుంది.

"మీ యన్న బేళ్లు ఎట్ల పేరుస్తాడు? అంచుకు అంచు కలిపి, పైకప్పు దాకా. తోసినా కదలవు. తినే ఉప్పు అంతే. ఇప్పుడు ఆ బేళ్ల మధ్యన మంచాలు, తిరగేసిన కుర్చీలు పెట్టి పేర్చు. నిలుస్తాదా? జారుతాది. ఇది అట్ల జారే ఉప్పు. దీంట్లో ఒక అయాన్ మంచం మాదిరి వంకరటింకర, దాని పక్కన ఏదీ సరిగ్గ కూర్చోదు."

ఇది ఆవిరైపోదట. వాసన రాదట. అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టినా మామూలు ద్రావకాల మాదిరి భగ్గుమనదట. లోపల కరెంటు మాత్రం పారుతుందట. ఇన్ని చెప్పాక, అయితే మీలాంటిదే మేడం అన్నాను. ఆమె నవ్వకుండా నా వంక చూసి, సీసా మూత బిగించింది.

తయారీ కూడా గోడ ఇవతల నుంచి నాకు కంఠతా వచ్చేసింది. హైదరాబాదు నుంచి రెండు రకాల ద్రవాలు పార్సిల్లో వచ్చేవి. వాటిలో ఒకటి మూత తీస్తే కుళ్లిన చేపల బుట్ట దించినట్టుండేది. ఆ రెండూ కలిపి, నూనె గిన్నెలో పెట్టి, సన్నటి వేడి మీద రోజుల తరబడి తిప్పాలి. కరెంటు పోతే గాజుకడ్డీతో చేత్తో తిప్పాలి. అవి ఒకదాన్నొకటి పట్టుకుని ఉప్పుగా మారాక, మిగిలిన మలినం కడగాలి. ఆ తర్వాత పంపు పెట్టి, లోపలున్న గాలీ తడీ లాగేయాలి. ఆ పంపు నా ప్రాణం తీసింది. నేను గోడ ఇవతల ఛందస్సు చెబుతుంటే అది అవతల గురుగురుమనేది. పిల్లలు నా గణాలు వదిలేసి దాని గణాలు లెక్కపెట్టేవాళ్లు.

మొదటి విడతలో తొందరపడి మంట పెంచితే ఉప్పు కషాయం రంగుకి తిరిగింది. ఆ రోజు నుంచి ఆమెకి ఒక మాట పట్టుబడింది. వేడెక్కితే రంగొస్తాది. స్టాఫ్ మీటింగులో ప్రిన్సిపాలు గొంతు పెంచితే, ఆయన ముఖం చూసి మెల్లగా నా చెవిలో ఆ మాటే అనేది. నేను నవ్వు ఆపుకోలేక దగ్గేవాణ్ణి. ఒక మీటింగు మధ్యలో నన్ను బయటికి పంపించారు కూడా.

ఇదంతా ఎందుకు చేస్తోందంటే, ఆమెకి పీహెచ్‌డీ కావాలి. పార్ట్‌టైమ్‌గా చేరి చాలా ఏళ్లయింది. ఇంట్లో పనులు, కాలేజీలో పరీక్షలు, ఎన్నికల డ్యూటీలు, మధ్యలో కరోనా. గడువు పొడిగించి పొడిగించి, ఇదే ఆఖరు అని విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పేశారు. జూన్ వస్తే రిజిస్ట్రేషన్ రద్దు. అప్పటిదాకా చేసిందంతా చెత్తబుట్టలోకి పోతుంది.

ఆమె పట్టుకున్న విషయం మా ఊరి నేల మీద పడి ఉండేదే. జిన్నింగ్ మిల్లులో ఊడ్చి పారేసే పొట్టి పీచు ఉంటుంది. అది ఏ స్పిన్నింగ్ మిల్లుకీ పనికిరాదు, దారానికి అందదు. దాన్ని సోడాలో ఉడకబెట్టకుండా, ఉతక్కుండా, వచ్చింది వచ్చినట్టే ఈ ఉప్పులో కరిగించి, మళ్లీ దారంగా లాగాలని ఆమె పంతం. కుదిరే పనేనా అని అడిగితే ఒకటే చెప్పేది.

"కరిగినంక పొట్టి యాడిది, పొడుగు యాడిదప్పా? అంతా ఒకటే."

ఆమె గైడు పెద్ద ప్రొఫెసరు. మంచివాడే గానీ అనుమానం మనిషి. ఇటువంటి పని చేయాలంటే గ్లవ్ బాక్స్ ఉండాలంటాడు. అంటే గాలిలో తడి తీసేసిన గాజుపెట్టె, అందులో చేతులు దూర్చి పని చేయాలి. అది వాళ్ల దగ్గర ఉంది, మా దగ్గర లేదు. మా దగ్గర గాజు బీరువా తలుపే సరిగ్గా పడదు. ఏమ్మా, ఆదోనిలో అయ్యే పని కాదు, ఏదైనా తేలికది తీసుకోరాదా అని ఫోనులో ఆయన అనడం, ఈమె సరే సార్ అని పెట్టేసి మళ్లీ అదే పనికి పోవడం నేను ఎన్నిసార్లో చూశాను. చివరికి ఆయన ఒక షరతు పెట్టాడు. తాను మే నెలలో మంత్రాలయం దర్శనానికి వస్తున్నాడు, తిరిగి పోతూ ఆదోనిలో ఆగుతాడు. మిల్లు దూది తన కళ్ల ముందు కరగాలి, దారం తన కళ్ల ముందు రావాలి. వస్తే సంతకం పెడతాడు. రాకపోతే ఇంక ఆ ఊసు ఎత్తకూడదు. ఆమె ఆ షరతుకి కూడా సరే సార్ అంది.

చలికాలంలో మెడికల్ షాపు దూది తెచ్చి వేస్తే, చక్కగా కరిగింది. నన్ను పిలిచి చూపించింది. తెల్లగా ఉన్న దూది ముందు తడిసిన కాగితంలా పారదర్శకమై, అంచులు చెరిగి, కాసేపటికి ఎక్కడికి పోయిందో తెలియలేదు. మా వంశమంతా బతికింది దూది మీద. అది తడవడం చూశాను, కాలడం చూశాను, మాయమవడం మాత్రం అదే మొదటిసారి చూడటం. ఇంక మిల్లు దూదికి కూడా ఇంతే కదా అనుకున్నాం.

ఏప్రిల్ వచ్చింది. మా ఊరి ఎండ గురించి తెలియనివాళ్లకి చెప్పడం కష్టం. మధ్యాహ్నం స్కూటరు సీటు మీద కూర్చోలేం. నూనె గిన్నె, వేడి పొయ్యి పెట్టుకుని ఆ ల్యాబ్‌లో నిలబడితే ఒకరోజు మేడం కళ్లు తిరిగి సింకు పట్టుకుని కూలబడింది. మా అందరికీ భయం వేసింది. ఆమెను తిట్టుకుంటూనే అందరం కలిసి ఒక కూలర్ కొన్నాం. బీరువా అంత ఉంది. మూడు వైపులా గడ్డి, అడుగున నీళ్ల తొట్టి, ముందు పెద్ద ఫ్యాను. ప్రిన్సిపాలు స్వయంగా వచ్చి స్విచ్ వేశాడు. గదంతా తడిసిన గడ్డి వాసనతో నిండిపోయింది. మేడం కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకోసం ఇంత చేస్తారని అనుకోలేదప్పా అంది. మేము కూడా ఆమె కోసమే చేశామని నేను గట్టిగా చెప్పలేను. మర్నాటి నుంచి స్టాఫ్ అంతా భోజనాలు ల్యాబ్‌లోనే. లెక్కల సారు అక్కడే బెంచీ మీద కునుకు తీసేవాడు.

ఆ వారమే మా మిల్లు నుంచి పొట్టి పీచు గోనెసంచిలో తెప్పించి ఉప్పులో వేసింది. కరగలేదు. ఉబ్బింది, జిగురు పట్టింది, ఉడకని సంకటి ముద్దలా అడుగున కూర్చుంది. మళ్లీ చేసింది. మళ్లీ ముద్దే.

మేడం అనుమానం మా మిల్లు మీద పడింది. బేలు కట్టే ముందు దూది మీద నీళ్లు చల్లడం మా ఊళ్లో మామూలే, లేకపోతే పీచు చిట్లుతుంది, బేలు సరిగ్గా కట్టుకోదు. ఆమె ఆటో ఎక్కి సరాసరి మా మిల్లుకి పోయింది. కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, బయటికి తీసి, వేళ్లు బుగ్గకి ఆనించుకుని చూసింది. మా అన్నకి రోషం వచ్చింది.

"నీళ్లు కొట్టేది బేళ్ల ప్రెస్సు దగ్గర మేడమ్మా. నీకు పంపిచ్చింది ఊడ్చిన పీచు. దాని మీద నీళ్లెవరు కొడ్తారు?"

ఆమె నమ్మలేదు. తన చేత్తోనే ఇంకో సంచి నింపుకుని వచ్చి, కాలేజీ మిద్దె మీద తెల్లబట్ట పరిచి, మండే ఎండలో ఆరబెట్టింది. కాకులు రాకుండా గొడుగు వేసుకుని పక్కనే కూర్చుంది. ఆరిన పీచుని కిందికి తెచ్చి, ల్యాబ్‌లో తూకం వేసి, ఉప్పులో వేసింది. మళ్లీ అదే ముద్ద. మా అన్న ఫోను చేసి, ఇప్పటికైనా మా దూది మంచిదని ఒప్పుకున్నాదా అని నన్ను అడిగాడు.

అప్పుడామె చేసిన పని చూసి నాకు భయమేసింది. బీరువాలోంచి మెడికల్ షాపు దూది తీసింది. చలికాలంలో అంత అందంగా కరిగిన దూదే. దాన్ని వేసింది. అది కూడా కరగలేదు. స్టూలు మీద కూర్చుండిపోయింది. గైడు రావడానికి వారం కూడా లేదు. దూదిలో తప్పు లేదు. ఉప్పు చేసిన పద్ధతిలో తప్పు లేదు. మరి ఏం మారింది? చేతులే మారినాయేమో అని తన చేతులు చూసుకుంది. ఆ మనిషి ఓడిపోయినట్టు కనిపించడం నేను చూసింది ఆ ఒక్కరోజే, నాకు అస్సలు నచ్చలేదు. అందుకని ఏదో ఒకటి తినిపిద్దామని బల్ల మీదున్న బొరుగుల పొట్లం ఆమె ముందుకు తోశాను. పొద్దునే వేయించిన శనక్కాయ విత్తనాలు, ఎర్రకారం కలిపి మా ఇంట్లో కట్టిచ్చిన మరమరాలు, మా వైపు బొరుగులంటాం.

ఆమె పరధ్యానంగా గుప్పెడు తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. నమలడం ఆపింది.

"ఇవి పాతవా?"

కాదు, పొద్దున కట్టినవే అన్నాను.

"మెత్తగ ఉండాయే."

ఇంకో గుప్పెడు తీసుకుని, నోట్లో వేసుకోకుండా అట్లాగే బయటికి నడిచింది. వరండా దాటి, ఎండ పడుతున్న పిట్టగోడ మీద కాగితం పరిచి బొరుగులు పోసింది. అక్కడే నిలబడింది. నేను కూడా వెళ్లి నిలబడ్డాను. కాసేపయ్యాక ఒకటి తీసి కొరికితే కరకరమంది. నా వైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. పిల్లకాయల ఆటలో దాక్కున్నవాణ్ణి పట్టేసిన చూపు.

"మే నెలలో ఆదోనిలో బొరుగు మెత్తబడతాదా అప్పా? ఎప్పుడన్నా సూసినావా?"

లోపలికి పోయి కూలర్ ప్లగ్గు పీకేసింది. బెంచీ మీద లెక్కల సారు ఉలిక్కిపడి లేచాడు.

అప్పుడు నాకు అర్థమయింది. ఆ కూలర్ పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గదిలోకి ఊదేది గాలిని కాదు, నీళ్లని. మిద్దె మీద ఎంత ఎండబెట్టినా, కిందికి తెచ్చి తూకం వేసేలోపే దూది తడి పీల్చేసుకుంటోంది. ఇక ఆ ఉప్పయితే, సీసా మూత తీయడమే ఆలస్యం, దాహం వేసినట్టు తాగేస్తోంది. నీళ్లు తాగిన ఉప్పు నీళ్లతోనే చెలిమి చేస్తుంది, దూదిని పట్టించుకోదు. ఊరంతటిలో ఇంత పొడి గాలి పెట్టుకుని, ఆమె మూతలన్నీ బిగించుకుని తిరుగుతుంటే, మేమందరం కలిసి ప్రేమగా గదిలోకి చెరువు తెచ్చి పెట్టాం.

స్టాఫ్ అంతా చిన్నబుచ్చుకున్నారు. ఎండలో ఎట్లా తింటామని ఒకరు, కొన్నది దేనికని ఒకరు. ప్రిన్సిపాలు ఆమెను గదికి పిలిపించి, అందరూ ప్రేమతో ఇచ్చిన వస్తువుని అట్లా అవమానించొచ్చా అని అడిగాడు.

"ప్రేమ మంచిదే సార్," అంది. "దాంట్లో నీళ్లుండాయి."

ఆ రోజు నుంచి కిటికీలన్నీ తెరిచి పెట్టింది. వడగాలి లోపలికి వచ్చి కాగితాలు ఎగరేసేది. చెమట ఉప్పులో పడకుండా నుదుటికి తువ్వాలు కట్టుకుంది. ఎమ్మిగనూరు నేత తువ్వాలు, ఎర్ర అంచుది. ఉప్పు మొత్తాన్ని మళ్లీ పంపు మీద పెట్టి తాగిన నీళ్లన్నీ కక్కించింది. నేను ఛందస్సు క్లాసు వేపచెట్టు కిందికి మార్చుకున్నాను. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఆమె చేతికి మజ్జిగ చెంబు ఇచ్చి, కళ్లు తిరుగుతున్నాయేమో అడిగి, తిట్లు తిని పోయేవాణ్ణి. చిన్న గాజుపలక మీద చుక్కంత ఉప్పులో పీచు పోగు వేసి చూస్తే కరిగిందని చెప్పింది. అయితే దారం లాగడానికి కావలసినంత కరిగిస్తే ఏమవుతుందో ఇంకా తెలియదు. చూసుకునే వ్యవధి లేదు. గైడు వచ్చేశాడు.

మంత్రాలయం నుంచి కారులో నేరుగా వచ్చాడు, తల మీద అక్షింతలు అట్లాగే ఉన్నాయి. ప్రిన్సిపాలు పెద్దమనిషి వస్తున్నాడని ముందే కూలర్‌లో నీళ్లు పోయించి పెట్టాడు. గైడు గడపలో కాలు పెట్టగానే స్విచ్ వేయబోయాడు. మేడం తిరిగి చూడకుండానే ప్లగ్గు పీకి వైరు చేతికి చుట్టుకుంది.

గైడు కుర్చీలో కూర్చుని జేబురుమాలుతో మెడ తుడుచుకున్నాడు. "ఏమ్మా, ఇది ల్యాబా, ఇటుకల బట్టీయా? గ్లవ్ బాక్స్ ఎట్లాగూ లేదు, కనీసం గాలి అయినా రానివ్వవా?"

"ఉండాది సార్ గ్లవ్ బాక్స్," అంది మేడం. "మీరు దాంట్లోనే కూర్చున్నారు. మే నెలలో మా ఆదోని కంటే పెద్ద గ్లవ్ బాక్స్ యాడుండాది?"

ఆయన గోడ వైపు తల తిప్పి, కూలర్ ఆపాక ఆమె తెచ్చి తగిలించిన తేమ మీటరు చూశాడు. ముల్లు అట్టడుగున ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. చొక్కా పై గుండీ తీసేసి, సరే కానియ్ అన్నాడు.

మిద్దె మీద ఆరబెట్టిన మా మిల్లు పీచుని వెచ్చటి ఉప్పులోకి కొంచెం కొంచెం వేసింది. గాజుకడ్డీతో తిప్పింది. చాలాసేపు ఏమీ కాలేదు. తెల్లటి మేఘం లాంటిది గిన్నెలో తిరుగుతూనే ఉంది. గడియారం చూడొద్దనుకుంటూనే అందరం చూస్తున్నాం. ప్రిన్సిపాలు చెమటకి చొక్కా వీపుకి అంటుకుపోయింది గానీ ఆయన కూడా లేచి పోలేదు. మేఘం పలచబడింది. అంచులు చెరిగాయి. మేడం ఆ రోజు దినపత్రిక తీసి గిన్నె వెనక పెట్టింది. చదవండి సార్ అంది. గైడు ముందుకు వంగి, గిన్నెలోంచి, కరిగిపోయిన దూదిలోంచి, మొదటి పేజీ వార్త పైకి చదివాడు. అక్షరం పొల్లుపోలేదు. నాకు అక్కడే ఈల వేయాలనిపించింది.

కానీ షరతు కరగడం ఒక్కటే కాదు. దారం రావాలి. మేడం ఇప్పుడు ఒక పని చేసింది. నీళ్ల తొట్టి తెప్పించి బల్ల మీద పెట్టింది. నాకు మతిపోయింది. ఇన్నాళ్లూ నీటి చుక్క సోకితే చంపేసేంత పని చేసిన మనిషి తొట్టి నిండా నీళ్లు పోస్తోంది. నా ముఖం చూసి ఆమెకే జాలేసినట్టుంది.

"కరిగేదాక నీళ్లు శత్రువప్పా. కరిగినంక అవే కావల్ల. ఉప్పు నీళ్ల ఎంబడి పోతాది. ఒంటరిగా మిగిలిన దూది మళ్లా ఒకదాన్నొకటి పట్టుకుంటాది. సూస్తా ఉండు."

ఆ తేనెలాంటి ద్రవాన్ని సిరంజిలోకి లాగి, సూదిని నీళ్లలో ముంచి, మెల్లగా నొక్కింది. సూది కొసన తెల్లటి పోగు పుట్టింది. వేలితో అందుకుని లాగబోతే తెగింది. మళ్లీ నొక్కింది. జానెడు వచ్చి తెగింది. గైడు కుర్చీలో వెనక్కి వాలాడు. మేడం సిరంజి దించేసి, రెండు చేతులూ తువ్వాలుకి తుడుచుకుని, కళ్లు మూసుకుంది. దేవుడికి దండం పెట్టుకుంటోందనుకున్నాను. కాదు. బొటనవేలూ చూపుడువేలూ గాలిలోనే రాసుకుంటోంది, కనపడని పోగు లాగుతున్నట్టు. పుట్టింట్లో మగ్గం దగ్గర కూర్చున్న పిల్ల చేతులవి.

కళ్లు తెరవకుండానే మళ్లీ నొక్కింది. పోగు పుట్టింది. ఈసారి లాగలేదు, అది వచ్చేంత మేరకే వెంట పోయింది. పోగు నీళ్లలో ఈది, అంచు దాటి, బయటికి వచ్చింది. బ్యాగులోంచి కండె తీయమని నాకు సైగ చేసింది. మగ్గం మీద అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే, దారం చుట్టుకునే చిన్న గొట్టం అది, ఎమ్మిగనూరు నుంచి తెచ్చుకుంది. పోగు కొసని దానికి చుట్టింది. సిరంజి నొక్కుతూ, కండె తిప్పుతూ, తిప్పుతూ. దారం తెగలేదు. ఎవరికీ అక్కరకు రాని, మా మిల్లు నేల మీద ఊడ్చి పారేసిన పొట్టి పీచు, తెల్లగా, నిగనిగలాడుతూ, ఎడతెగకుండా వస్తోంది. నా కళ్లు మసకబారాయి. చెమట అనుకుని తుడుచుకున్నాను, చెమట కాదు.

గైడు లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది, ఆయన చూసుకోలేదు. ఆమె దగ్గరికి వచ్చి, చెయ్యి చాచి, "డాక్టర్ గారూ," అన్నాడు.

మేడం తల ఎత్తలేదు.

"నాకు సెయ్యి ఖాళీ లేదు సార్. ఇప్పుడు వదిలితే తెగుతాది. మీరే ఈ కండె పట్టుకుని తిప్పండి."

ఆయన చాచిన చేతిని చూసుకున్నాడు. దాన్ని తన ప్యాంటుకి శుభ్రంగా తుడుచుకున్నాడు. వంగి, ఆమె చేతిలోంచి కండె అందుకుని, తిప్పడం మొదలుపెట్టాడు.

"మెల్లగ సార్," అంది మేడం. "దాని ఎంబడి పోండి."

ఆయన మెల్లగా తిప్పాడు.